బీబీసీ మైక్రో: ప్రోగ్రామింగ్ నేర్పిన ఒక గృహ కంప్యూటర్ చరిత్ర

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• 1980ల తొలినాళ్లలో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో రూపుదిద్దుకున్న పరిస్థితులు
• బీబీసీ బేసిక్ భాషకు ఉన్న ప్రత్యేకతలు, పరిమితులు
• తక్కువ మెమరీ ఉన్న యంత్రంపై ప్రోగ్రామర్లు పనిచేసిన తీరు
• అదే యంత్రం భారతదేశంలోని పాఠశాలలకు వచ్చినప్పుడు ఎదురైన ఇబ్బందులు, వాటి నుంచి మనం గ్రహించవలసిన విషయాలు

1. ఉపోద్ఘాతం

మీ చేతిలోని ఫోన్‌ను ఒకసారి ఆన్ చేసి చూడండి. తెర నిండా చిన్నచిన్న బొమ్మలు కనిపిస్తాయి. ఒక్కో బొమ్మ వెనుక ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. వాటిలో కావలసినదాన్ని ఎంచుకోవడమే మీ పని. ఇప్పుడు 1982లో ఇంగ్లండులో ఒక ఇంట్లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌ను ఆన్ చేశారనుకోండి. చిన్న బీప్ శబ్దం వినిపిస్తుంది. టెలివిజన్ తెర మీద యంత్రం పేరు, మెమరీ పరిమాణం, దాని కింద 'బేసిక్' అనే మాట, ఆ కింద బాణం మొనలాంటి గుర్తు, దాని పక్కన మినుకుమినుకుమనే చిన్న గీత కనిపిస్తాయి. అంతకుమించి ఏమీ ఉండదు. మీరు ఏదో ఒకటి రాసేదాకా యంత్రం అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ రెండు తెరల మధ్య ఉన్న తేడా ఈ యూనిట్‌కు కేంద్రాంశం. ఇళ్లలో, పాఠశాలల్లో వాడుకునేందుకు తయారైన చవక కంప్యూటర్లను గృహ కంప్యూటర్లు అంటారు. ఆ తరం యంత్రాలు చాలావరకు వాడకందారును మొదటి క్షణంలోనే ప్రోగ్రాములు రాసే స్థానంలో కూర్చోబెట్టాయి. వాటిలో బీబీసీ మైక్రోను ప్రత్యేకంగా ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, అది దూరవిద్యా పథకంలో భాగంగా పుట్టిన కంప్యూటర్. రెండవది, అది మన దేశపు బడులకు కూడా వచ్చింది. ఒకే యంత్రం రెండు దేశాలలో రెండు రకాల ఫలితాలు ఎందుకు ఇచ్చిందో పరిశీలిస్తే, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి నిజంగా ఏం కావాలో మనకు తెలుస్తుంది.

2. బీబీసీ మైక్రో ఆవిర్భావం

1978లో బీబీసీ టెలివిజన్ 'హొరైజన్' శీర్షిక కింద మైక్రోప్రాసెసర్ల గురించి ఒక డాక్యుమెంటరీని ప్రసారం చేసింది. ఈ చిన్న సిలికాన్ చిప్‌ల వల్ల పరిశ్రమలు, ఉద్యోగాలు ఎలా మారిపోనున్నాయో అది చర్చించింది. రాబోయే మార్పుకు దేశం సిద్ధంగా లేదన్న ఆందోళన బ్రిటిష్ ప్రభుత్వంలోనూ ప్రజల్లోనూ మొదలైంది. ఆ నేపథ్యంలో బీబీసీ 'కంప్యూటర్ లిటరసీ ప్రాజెక్ట్'ను, అంటే కంప్యూటర్ అక్షరాస్యత పథకాన్ని చేపట్టింది.

ఈ పథకంలోని 'అక్షరాస్యత' అనే మాటను గమనించండి. అక్షరాస్యుడంటే చదవడమూ రాయడమూ రెండూ వచ్చినవాడు. పథకాన్ని రూపొందించినవారు కూడా ఈ అర్థాన్నే తీసుకున్నారు. టెలివిజన్ కార్యక్రమం చూస్తే కంప్యూటర్ గురించి తెలుస్తుంది కానీ ప్రోగ్రామ్ రాయడం రాదు. చేతికింద ఒక యంత్రం ఉండి, తెర మీద చూపినదాన్ని ప్రేక్షకుడు ఇంట్లో తానే చేసి చూడగలగాలి. అందుకని పథకంలో నాలుగు భాగాలు ఏర్పడ్డాయి. 1982 జనవరిలో మొదలైన 'ది కంప్యూటర్ ప్రోగ్రామ్' అనే టెలివిజన్ ధారావాహిక ఒకటి. దానికి తోడుగా ఒక పుస్తకం. నేషనల్ ఎక్స్‌టెన్షన్ కాలేజ్ అనే దూరవిద్యా సంస్థ రూపొందించిన బేసిక్ భాషా పాఠ్యక్రమం. వీటన్నిటికీ ఆధారంగా బీబీసీ పేరుతో ఒక కంప్యూటర్. మన హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైనది కూడా 1982లోనే. తరగతి గది దాటి చదువును ఇంటికి చేర్చాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఇక్కడా అక్కడా బలంగా ఉండేది.

కంప్యూటర్ తయారీకి బీబీసీ మొదట 'న్యూబ్రెయిన్' అనే యంత్రాన్ని అనుకుంది. అది అనుకున్న సమయానికి సిద్ధమయ్యేలా కనిపించకపోవడంతో ఇతర సంస్థలకు అవకాశం ఇచ్చింది. వాటిలో ఒకటి కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంప్యూటర్స్. హెర్మన్ హౌజర్, క్రిస్ కరీ 1978లో స్థాపించిన చిన్న సంస్థ అది. 'ప్రోటాన్' అనే కొత్త యంత్రం వారి దగ్గర ఊహాచిత్రం స్థాయిలో ఉంది. బీబీసీ ప్రతినిధులు చూడడానికి వస్తున్నారనగా, నమూనా తయారీకి మిగిలింది ఒక వారం కంటే తక్కువ. వారంలో అవుతుందా అని హౌజర్ యువ ఇంజనీర్లు సోఫీ విల్సన్‌ను, స్టీవ్ ఫర్బర్‌ను విడివిడిగా అడిగాడు. ఇద్దరూ కాదన్నారు. అవతలివారు ఒప్పుకున్నారని ఒకరికి తెలియకుండా ఒకరికి చెప్పి ఇద్దరినీ ఒప్పించాడు. శుక్రవారం ఉదయానికి నమూనా పనిచేసింది. కాంట్రాక్టు ఏకార్న్‌కు దక్కింది.

1981 డిసెంబరులో యంత్రం విడుదలైంది. 16 కిలోబైట్ల మెమరీ ఉన్న మోడల్ ఏ, 32 కిలోబైట్లు ఉన్న మోడల్ బి అని రెండు రకాలు. మొదట ప్రకటించిన ధరలు వరుసగా 235, 335 పౌండ్లు. కొద్దికాలానికే అవి 299, 399 పౌండ్లకు పెరిగాయి. అదే కాలంలో వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81 ధర 70 పౌండ్ల లోపే. కనుక బీబీసీ మైక్రోను చవక యంత్రమని అనలేం. అయినా బడులు కంప్యూటర్ కొంటే ప్రభుత్వం సగం ఖర్చు భరించే పథకం తోడవడంతో అది బ్రిటన్ పాఠశాలల్లో స్థిరపడింది. మొదట 12 వేల యంత్రాలు అమ్ముడైతే చాలనుకున్నారు. చివరికి 15 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

3. బీబీసీ బేసిక్: భాష నేర్పిన క్రమశిక్షణ

బేసిక్ భాషను 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించారు. గణితం, విజ్ఞానశాస్త్రాలు చదవని విద్యార్థులు సైతం కంప్యూటర్‌ను వాడగలగాలన్నది వారి ఉద్దేశం. 1970ల చివర మైక్రోకంప్యూటర్లు వచ్చినప్పుడు, తక్కువ మెమరీలో ఇమిడే సులభ భాషగా బేసిక్ వాటన్నిటిలో చేరింది. అలా చేరేటప్పుడు చాలా తయారీదారులు భాషను బాగా కుదించారు.

ఆ కుదింపు వల్ల కలిగిన ముఖ్యమైన నష్టం ఏమిటో చూద్దాం. కుదించిన బేసిక్‌లో ప్రోగ్రామ్‌లోని ప్రతి వరుసకూ ఒక సంఖ్య ఉండేది. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లాలంటే 'గోటూ' అనే ఆదేశంతో ఫలానా సంఖ్య గల వరుసకు వెళ్లమని చెప్పాలి. ప్రోగ్రామ్ ఇరవై వరుసలున్నంతవరకు ఇబ్బంది లేదు. రెండు వందల వరుసలయ్యేసరికి అది చిక్కుపడిన దారపు ఉండలా తయారవుతుంది. రాసినవారే నెల తరువాత చదువుకోలేరు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968లోనే గోటూ వాడకాన్ని విమర్శించాడు. ముందుగా బేసిక్ అలవాటైన విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని 1975లో మరింత కటువుగా అన్నాడు.

దేశంలోని పిల్లలందరికీ చేరబోయే యంత్రానికి భాషను ఎంచుకునేటప్పుడు ఈ విమర్శను పక్కన పెట్టడానికి వీల్లేదు. బేసిక్‌ను వదిలేస్తే కొత్తవారికి కష్టం. ఉన్నదున్నట్టు తీసుకుంటే చెడు అలవాట్లు పాతుకుపోతాయి. సోఫీ విల్సన్ రాసిన బీబీసీ బేసిక్ ఈ రెండింటి మధ్య దారి చూపింది. దానిలోని ముఖ్య లక్షణాలు ఇవి.

మొదటిది, పేరుపెట్టిన ప్రొసీజర్లు. పదహారో ఎక్కం ముద్రించే ప్రోగ్రామ్ రాయాలనుకోండి. ఎక్కం రాసే పనిని ఒక ప్రొసీజర్‌గా విడదీసి దానికి 'ఎక్కం' అని పేరు పెట్టవచ్చు. తరువాత ఎక్కడ కావాలంటే అక్కడ ఆ పేరుతో పిలిచి, 16 అనే సంఖ్యను దానికి అందిస్తే చాలు. పంతొమ్మిదో ఎక్కం కావాలంటే 19 అందించాలి. ప్రధాన ప్రోగ్రామ్ చదివేవారికి ఏ వరుసకు వెళుతున్నామన్న లెక్క అక్కర్లేదు, ఏ పని జరుగుతోందో కనిపిస్తుంది.

రెండవది, స్థానిక చలరాశులు. ప్రొసీజర్ లోపల వాడుకున్న విలువ బయటి విలువను చెరపకుండా 'లోకల్' అనే ఆదేశం కాపాడుతుంది. దీనివల్ల ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, అంటే రికర్షన్, సాధ్యమైంది. 5 ఫాక్టోరియల్ అంటే 5ను 4 ఫాక్టోరియల్‌తో గుణించడమే. 4 ఫాక్టోరియల్ అంటే 4ను 3 ఫాక్టోరియల్‌తో గుణించడం. గణిత పుస్తకంలో ఉన్న ఈ నిర్వచనాన్ని బీబీసీ బేసిక్‌లో దాదాపు అలాగే రాయవచ్చు.

మూడవది, 'రిపీట్', 'అంటిల్' జంట. ఫలానా షరతు నెరవేరేదాకా ఈ పని చేస్తూ ఉండు అని గోటూ లేకుండా చెప్పే వీలు.

నాలుగవది, పొడవైన పేర్లు. ఆనాటి అనేక గృహ కంప్యూటర్ల బేసిక్‌లలో చలరాశి పేరులోని మొదటి రెండు అక్షరాలనే యంత్రం గుర్తించేది. మీరు 'మార్కులు' అని ఒకదానికి, 'మార్గం' అని మరొకదానికి ఇంగ్లీషు అక్షరాలలో పేర్లు పెడితే రెండూ ఒకటే అయిపోయేవి. ఒకదానికి విలువ ఇస్తే రెండోది మారిపోయేది. బీబీసీ బేసిక్ పేరు మొత్తాన్ని గుర్తించేది.

ఈ భాషకు లోపాలు లేకపోలేదు. వరుస సంఖ్యలు అలాగే ఉండిపోయాయి. 'వైల్' వలయం లేదు. షరతు వాక్యం మొత్తం ఒకే వరుసలో ముగియాలి. ఏకార్న్ సంస్థ 1987లో తెచ్చిన ఆర్కిమిడీస్ యంత్రం కోసం రూపొందిన ఐదో బేసిక్‌లోగానీ వీటిలో చివరి రెండు లోపాలు తీరలేదు. అయినా భాషలో మంచి సదుపాయాలు ఉంటే సామాన్య యంత్రం మీద కూడా చక్కగా ఆలోచించడం నేర్చుకోవచ్చని బీబీసీ బేసిక్ రుజువు చేసింది.

మీరే చేసి చూడండి: ఒక తరగతిలోని విద్యార్థుల మార్కులు తీసుకుని, సగటు కట్టి, ఉత్తీర్ణుల సంఖ్య చెప్పే ప్రోగ్రామ్‌ను ఎన్ని ప్రొసీజర్లుగా విడదీస్తారు? ఒక్కోదానికి అది చేసే పనిని సూచించే తెలుగు పేరు పెట్టండి. పేర్లను మాత్రమే వరుసగా చదివితే ప్రోగ్రామ్ ఏం చేస్తుందో తెలియాలి.

4. 32 కిలోబైట్ల ఇరుకు

బీబీసీ మైక్రోలో ఉన్నది 2 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే 6502 ప్రాసెసర్. అది మొత్తం 64 కిలోబైట్ల మెమరీ చిరునామాలను మాత్రమే చూడగలదు. మోడల్ బిలో ఈ స్థలాన్ని ఇలా పంచారు. సగం, అంటే 32 కిలోబైట్లు, మనం రాసి చెరపగల రామ్. 16 కిలోబైట్లు ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రోమ్. మిగిలిన 16 కిలోబైట్లు భాష ఉండే రోమ్. బేసిక్ శాశ్వతంగా రోమ్‌లో ఉండడం వల్ల క్యాసెట్ నుంచి దాన్ని ఎక్కించే అవసరం లేదు. ఆన్ చేసిన వెంటనే రాయడం మొదలుపెట్టవచ్చు.

32 కిలోబైట్ల రామ్ అంటే 32,768 బైట్లు. అదంతా ప్రోగ్రామర్‌ది కాదు. తెర మీద కనిపించే బొమ్మ కూడా ఇందులోనే ఉండాలి. తెరకు 0 నుంచి 7 వరకు ఎనిమిది రీతులు ఉండేవి. అడ్డంగా 640, నిలువుగా 256 చుక్కలతో బొమ్మలు గీయగల సున్నా రీతికి 20 కిలోబైట్లు, అంటే 20,480 బైట్లు కావాలి. క్యాసెట్‌తో వాడే యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్, బేసిక్ తమ సొంత లెక్కలకు మరో 3,584 బైట్లు తీసుకుంటాయి. మిగిలింది ఎంతో చూడండి.

32,768 – 20,480 – 3,584 = 8,704

8,704 బైట్లు. ప్రోగ్రామ్, దాని విలువలు అన్నీ ఇందులో సర్దుకోవాలి. ఫ్లాపీ డిస్క్ సదుపాయం పెట్టుకుంటే మరికొంత స్థలం పోతుంది. అందుకే అక్షరాలు, ముతక బొమ్మలు చాలనుకున్నవారు ఒక్క కిలోబైట్‌తో సరిపెట్టుకునే ఏడో రీతిని వాడేవారు. ఏ ప్రోగ్రామ్ రాయాలన్నా మొదటి ప్రశ్న ఇదే. తెర అందంగా ఉండాలా, ప్రోగ్రామ్‌కు చోటుండాలా?

ఈ ఇరుకులో బేసిక్ కొంత పొదుపు చేసి పెట్టేది. 'ప్రింట్', 'రిపీట్' వంటి ఆదేశాలను మీరు పూర్తిగా టైపు చేసినా, యంత్రం వాటిని ఒక్కో బైట్ సంకేతంగా మార్చి దాచేది. మీరు పెట్టిన పేర్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు. ఏడక్షరాల పేరును పదిసార్లు వాడితే 70 బైట్లు ఖర్చు. వివరణ కోసం రాసుకున్న వ్యాఖ్యలకూ స్థలం పోయేది. ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గుర్తించండి. అర్థవంతమైన పేర్లు పెట్టమని భాష ప్రోత్సహిస్తుంది. అక్షరానికో బైట్ చొప్పున మెమరీ సుంకం వసూలు చేస్తుంది. పెద్ద ప్రోగ్రాములు రాసినవారు చివరికి వ్యాఖ్యలు తీసేసి, పేర్లను ఒక్కో అక్షరానికి కుదించి, ఖాళీలు కూడా చెరిపేసేవారు. అలా కుదించిన ప్రోగ్రాములను తరువాత చదివి అర్థం చేసుకోవడం కష్టం. కొరత పొదుపు నేర్పిన మాట నిజమే. స్పష్టతను కొంత బలి తీసుకున్న మాటా నిజమే.

ప్రోగ్రామ్‌ను దాచుకోవడానికి ఎక్కువమంది వాడింది మామూలు ఆడియో క్యాసెట్. సెకనుకు 1,200 బిట్లు రికార్డవుతాయి. ఒక్కో బైట్‌కు ముందు వెనుక గుర్తులతో కలిపి 10 బిట్లు పడతాయి కనుక సెకనుకు 120 బైట్లు. పైన లెక్కించిన 8,704 బైట్లు ఎక్కడానికి కనీసం 72 సెకన్లు. మధ్యలో వచ్చే విరామాలు దీనికి అదనం. టేపు నలిగితే మళ్లీ మొదటికి. అందువల్ల ముందు కాగితం మీద రాసుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసి, ఆ తరువాతే టైపు చేసే అలవాటు చాలామందికి ఏర్పడింది. పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములను చూసి టైపు చేయడం ఆనాటి స్వయం అధ్యయన పద్ధతి. ఒక కామా తప్పితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆ తప్పు వెతికే క్రమంలో ఇతరులు రాసిన ప్రతి వరుసనూ చదవక తప్పేది కాదు. 1983 నుంచి బీబీసీ తన టెలిటెక్స్ట్ సేవ ద్వారా టెలివిజన్ తరంగాల మీద ప్రోగ్రాములను పంపింది. ప్రత్యేక పరికరం ఉన్నవారు వాటిని నేరుగా కంప్యూటర్‌లోకి దించుకునేవారు.

5. బేసిక్ నుంచి యంత్రభాషకు, అక్కడి నుంచి కొత్త చిప్‌కు

బేసిక్‌లో రాసిన ప్రతి వాక్యాన్నీ ఇంటర్‌ప్రెటర్ చదివి, అర్థం చేసుకుని, ఆ తరువాత అమలు చేస్తుంది. వేగంగా కదిలే బొమ్మలకు ఈ పద్ధతి చాలదు. ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే యంత్రభాష కావాలి. దాన్ని మనుషులు చదవగలిగే గుర్తులతో రాసే పద్ధతిని అసెంబ్లీ భాష అంటారు. ఇతర గృహ కంప్యూటర్లలో అసెంబ్లర్‌ను సాధారణంగా విడిగా కొనుక్కోవాలి. విల్సన్ దాన్ని బేసిక్ లోపలే పెట్టింది. ప్రోగ్రామ్ మధ్యలో ఒక చదరపు కుండలీకరణం తెరిస్తే అక్కడి నుంచి అసెంబ్లీ, మూసేస్తే మళ్లీ బేసిక్.

ఇందులో ఒక చిన్న విశేషం మీరు తెలుసుకోవాలి. అసెంబ్లీలో ఇంకా రాని చోటికి దూకమని ముందే చెప్పవలసి వస్తుంది. ఆ చోటు చిరునామా అప్పటికి తెలియదు. అందుకని ప్రోగ్రామ్‌ను రెండుసార్లు చదవాలి. మొదటిసారి చిరునామాలు తెలుసుకోవడానికి, రెండోసారి వాటిని నింపడానికి. బీబీసీ మైక్రోలో ఈ రెండు విడతలను విద్యార్థే స్వయంగా బేసిక్ 'ఫర్' వలయంతో రాసేవాడు. అసెంబ్లర్ లోపల ఏం జరుగుతుందో దాన్ని వాడుతూనే తెలుసుకునే ఏర్పాటు ఇది.

ఈ సదుపాయంతో ఏం సాధించవచ్చో 1984లో వచ్చిన 'ఎలైట్' ఆట చూపింది. కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ దాన్ని రాశారు. అంతరిక్షంలో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతూ వ్యాపారం చేసే ఆట అది. ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కోదానిలో 256 చొప్పున మొత్తం 2,048 లోకాలు అందులో ఉన్నాయి. వాటి పేర్లు, వివరాలు అన్నీ మెమరీలో దాచాలంటే చోటు లేదు. కొన్ని ఆరంభ సంఖ్యలను మాత్రమే దాచి, వాటి నుంచి లెక్క ప్రకారం ప్రతి లోకాన్నీ అవసరమైనప్పుడు పుట్టించారు. అదే లెక్క కనుక ఎప్పుడు చూసినా అదే లోకం వస్తుంది. తెర పైభాగంలో నాణ్యమైన నలుపు తెలుపు గీతలు, కింది భాగంలో రంగుల పరికరాల పట్టిక కావలసి వచ్చింది. తెరపై బొమ్మ గీస్తుండగా మధ్యలో టైమర్ సాయంతో రీతిని మార్చి, ఒకే తెరపై రెండు రీతులు సాధించారు. విద్యార్థులు ఇంత లోతుకు వెళ్లగలిగారంటే యంత్రం తన లోపలి భాగాలను వారి నుంచి దాచకపోవడం ఒక ముఖ్య కారణం.

బేసిక్ ఒక్కటే ఈ యంత్రం భాష కాదు. భాష ఉన్న రోమ్ చిప్‌ను తీసి మరొకటి పెట్టవచ్చు, లేదా పక్కన అదనంగా చేర్చవచ్చు. అలా ఫోర్త్, లిస్ప్, లోగో, పాస్కల్, ప్రోలాగ్, కోమల్ భాషలు దీనిపై పనిచేశాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ కూడా వచ్చింది. సి భాష వంశవృక్షంలో పూర్వీకురాలిగా మీరు దాని పేరు వినే ఉంటారు. విశ్వవిద్యాలయాల పెద్ద కంప్యూటర్లపై మాత్రమే పరిచయమయ్యే రకరకాల భాషలు ఒక ఇంటి యంత్రంపై పక్కపక్కన నిలబడ్డాయి.

ఈ కథలో చాలా దూరం వెళ్లిన ఘట్టం 1983 అక్టోబరులో మొదలైంది. 6502 తరువాత ఏ ప్రాసెసర్ వాడాలో ఏకార్న్‌కు తోచలేదు. అమెరికాలోని ఫీనిక్స్‌లో ఒక చిన్న బృందం కొత్త చిప్‌ను రూపొందిస్తుండగా చూసివచ్చిన విల్సన్, ఫర్బర్‌లకు ఆ పని తామూ చేయగలమనిపించింది. కొత్త ప్రాసెసర్ ఆదేశాల సమూహాన్ని విల్సన్ రూపొందించింది. చిప్ తయారుకాకముందే ఆ ఆదేశాలు సరిగ్గా పనిచేస్తాయో లేదో పరీక్షించాలి. అందుకు బీబీసీ బేసిక్‌లోనే అనుకరణ ప్రోగ్రామ్ రాశారు. ఫర్బర్ చిప్ నిర్మాణానికి రాసిన నమూనా కూడా బేసిక్‌లోనే, సుమారు 800 వరుసల్లో ఉంది. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్‌లు వచ్చాయి. బీబీసీ మైక్రోకు అనుసంధానించగా అవి పనిచేశాయి. అదే ఆర్మ్ ప్రాసెసర్. మీ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్ దాదాపు కచ్చితంగా ఆ వంశానిదే. పిల్లలకు నేర్పడానికి తయారైన భాష ఇంజనీర్ల చేతిలో నిజమైన పరిశోధనా పనిముట్టు అయింది.

6. భారతదేశంలో బీబీసీ మైక్రో: క్లాస్ పథకం

1984–85లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి 'క్లాస్' అనే పథకాన్ని ప్రారంభించాయి. 'పాఠశాలలలో కంప్యూటర్ అక్షరాస్యత, అధ్యయనాలు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు పేరుకు అది సంక్షిప్తరూపం. మొదటి విడతలో దేశవ్యాప్తంగా సుమారు 250 ఉన్నత పాఠశాలలను ఎంచుకున్నారు. వాటికి ఇచ్చినవి బీబీసీ మైక్రోలే. ఆ తరువాత ప్రభుత్వరంగ సంస్థ అయిన సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఈ యంత్రాన్ని 'యూనికార్న్' పేరుతో మన దేశంలో కూర్చింది. ఉపాధ్యాయుల శిక్షణకు విశ్వవిద్యాలయాలు, సాంకేతిక సంస్థలలో వనరుల కేంద్రాలు ఏర్పరిచారు.

యంత్రం అదే. భాష అదే. బ్రిటన్‌లో వచ్చిన ఫలితాలు ఇక్కడ ఎందుకు రాలేదు? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, సమయం. బ్రిటన్ విద్యార్థికి బడిలో చూసిన యంత్రం, లేదా దాని వంటిదే మరొకటి, ఇంట్లోనో స్నేహితుని ఇంట్లోనో దొరికేది. మన విద్యార్థికి బడి గంటలు తప్ప వేరే దారి లేదు. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. తరగతిలో 40 మంది, యంత్రాలు 5, వారానికి 40 నిమిషాల పీరియడ్లు రెండు అనుకోండి. ఐదు యంత్రాల మీద మొత్తం 400 నిమిషాలు. తలా పది నిమిషాలు. ఒక ప్రోగ్రామ్ టైపు చేసి, తప్పు వచ్చి, ఆ తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టేసరికి గంట కొడుతుంది. ప్రోగ్రామింగ్‌లో నేర్చుకునేది అంతా ఆ వెతుకులాటలోనే ఉంది.

రెండవది, పాఠ్య సామగ్రి. యంత్రంతో పాటు వచ్చిన విద్యా ప్రోగ్రాములు బ్రిటన్ పాఠ్యప్రణాళికకు అనుగుణంగా తయారైనవి. కొద్దివారాల శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు తన సిలబస్ పూర్తిచేసే తొందరలో వాటికి చోటు కల్పించలేకపోయాడు. మనకు తగిన ప్రోగ్రాములు ఇక్కడే రాసుకోవాలి. రాయడానికి కావలసిన సమయమే అరుదు.

మూడవది, భాష. ఇక్కడ ప్రోగ్రామింగ్ భాష గురించి కాక, మన భాష గురించి మాట్లాడుతున్నాను. ఆదేశాలు ఇంగ్లీషులో, మాన్యువల్ ఇంగ్లీషులో, తప్పు వచ్చినప్పుడు యంత్రం ఇచ్చే సందేశం ఇంగ్లీషులో. తెలుగు మాధ్యమం విద్యార్థికి తన తప్పు ఏమిటో చెప్పే వాక్యమే అర్థంకాని పరిస్థితి. తెర మీద తెలుగు రాయగలమా? బీబీసీ మైక్రోలో అక్షరాల రూపాలను మనమే మార్చుకునే సదుపాయం ఉంది. అయితే ఒక్కో అక్షరానికి ఇచ్చిన చోటు 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలు అందులో హాయిగా ఇముడుతాయి. తలకట్టు, గుడి దీర్ఘం వంటివి పైన, వత్తు కింద ఉండే తెలుగు అక్షరం ఇమడదు. యంత్రం మనల్ని రాయమని పిలిచింది కానీ, మన లిపిలో రాసే వీలు అందులో లేదు. భారతీయ భాషలకు ఉమ్మడి సంకేత విధానం ఇస్కీ 1991లో జాతీయ ప్రమాణమయింది.

మీరే చేసి చూడండి: గళ్ల కాగితం మీద 8 గళ్ల వెడల్పు, 8 గళ్ల ఎత్తు ఉన్న చతురస్రం గీయండి. గళ్లను నింపుతూ మొదట 'ర' రాయండి. తరువాత 'క్ష్మీ' రాయడానికి ప్రయత్నించండి. చదవగలిగేలా రాయాలంటే ఎన్ని గళ్లు కావాలో లెక్కించండి.

క్లాస్ పథకాన్ని వ్యర్థమని కొట్టిపారేయడం సరికాదు. కంప్యూటర్‌ను మొట్టమొదటిసారి ముట్టుకునే అవకాశం వేలమంది పిల్లలకు అది కల్పించింది. కానీ యంత్రాన్ని సరఫరా చేయడం, అక్షరాస్యత కల్పించడం వేరువేరు పనులని కూడా అది స్పష్టం చేసింది. బ్రిటన్‌లో టెలివిజన్ పాఠం, పుస్తకం, పాఠ్యక్రమం, ఇంటి యంత్రం ఒకదానికొకటి తోడుగా నడిచాయి. మన పథకంలో వాటిలో ఒక్క యంత్రమే ముందు వచ్చింది.

7. ఆ తరువాత

1990లు వచ్చేసరికి బ్రిటన్ బడులలో కూడా గృహ కంప్యూటర్ల స్థానాన్ని కార్యాలయ కంప్యూటర్లు ఆక్రమించాయి. కంప్యూటర్ చదువంటే ఉత్తరాలు టైపు చేయడం, పట్టికలు నింపడం అన్న స్థితి వచ్చింది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే విద్యార్థులకు అంతకుముందులా ప్రోగ్రామింగ్ అనుభవం ఉండడం లేదని ఎబెన్ అప్టన్ వంటి అధ్యాపకులు గమనించారు. దానికి సమాధానంగా 2012 ఫిబ్రవరిలో రాస్ప్‌బెర్రీ పై అనే చవక కంప్యూటర్ వచ్చింది. దానిలో ఆర్మ్ ప్రాసెసర్. మోడల్ ఏ, మోడల్ బి అన్న పేర్లు బీబీసీ మైక్రో నుంచి గౌరవంతో తీసుకున్నవి. ఎలైట్ ఆట రాసిన బ్రేబెన్ దాని వ్యవస్థాపకులలో ఒకరు. 2014లో ఇంగ్లండు పాఠ్యప్రణాళికలో ప్రోగ్రామింగ్ మళ్లీ చోటుచేసుకుంది. ఒకసారి సాధించిన అక్షరాస్యతను కూడా నిలబెట్టుకోకపోతే ఒక తరంలోనే పోగొట్టుకోవచ్చని ఈ అనుభవం చెబుతుంది.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి పనుల మధ్య, దగ్గర ఉపాధ్యాయుడు లేకుండా ఈ కోర్సు చదువుతున్నారు. మీ ఫోన్ మెమరీ బీబీసీ మైక్రో మెమరీ కంటే లక్ష రెట్లకు పైగా పెద్దది. అది మిమ్మల్ని రాయమని అడగదు. ఆ ఒక్క పని మీరే మొదలుపెట్టాలి. బీబీసీ మైక్రోను అనుకరించే ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పైథాన్ వంటి నేటి భాషలు ఫోన్‌లో కూడా నడుస్తాయి. ఏ భాష ఎంచుకున్నా ఈ యూనిట్‌లో చూసిన పద్ధతి పాటించండి. ముందు కాగితం మీద రాయండి. పనిని చిన్న భాగాలుగా విడదీసి పేర్లు పెట్టండి. తప్పు వచ్చినప్పుడు ఇంకొకరి జవాబు కోసం వెతికే ముందు, పది నిమిషాలు మీరే వెతకండి. 1984లో మన విద్యార్థికి వారమంతటికీ దొరికిన సమయం అంతే. మీకు అది ప్రతిరోజూ దొరుకుతుంది.

8. సారాంశం

బీబీసీ మైక్రో 1981 డిసెంబరులో కంప్యూటర్ అక్షరాస్యత పథకంలో భాగంగా విడుదలైంది. రోమ్‌లో సిద్ధంగా ఉన్న బీబీసీ బేసిక్ ప్రొసీజర్లు, స్థానిక చలరాశులు, అంతర్గత అసెంబ్లర్ వంటి సదుపాయాలతో వాడకందారును ప్రోగ్రామర్‌గా మార్చింది. మెమరీ కొరత పొదుపును నేర్పింది, కొన్నిసార్లు స్పష్టతను దెబ్బతీసింది. ఎలైట్ ఆట, ఆర్మ్ ప్రాసెసర్ ఈ వాతావరణంలోనే పుట్టాయి. మన దేశంలో క్లాస్ పథకం ద్వారా అదే యంత్రం వచ్చినా, తగినంత సమయం, మాతృభాషలో సామగ్రి, తోడ్పాటు లేక పరిమిత ఫలితాలే ఇచ్చింది.

9. మాదిరి ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. బీబీసీ బేసిక్ డైక్‌స్ట్రా విమర్శకు ఏ మేరకు సమాధానం చెప్పింది?
2. ఫ్లాపీ డిస్క్ వాడినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్, బేసిక్ 3,584కు బదులు 6,400 బైట్లు తీసుకుంటాయనుకుంటే, సున్నా రీతిలో ప్రోగ్రామర్‌కు ఎంత మెమరీ మిగులుతుంది? దానిని క్యాసెట్ వేగంతో ఎక్కించాలంటే కనీసం ఎంత సమయం పడుతుంది?

ఆ) కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
3. మీ ఊరి ఉన్నత పాఠశాలకు ఈ ఏడాది పది కంప్యూటర్లు వచ్చాయనుకోండి. క్లాస్ పథకం అనుభవాన్ని దృష్టిలో ఉంచుకుని, వాటితో పాటు ఇంకా ఏమేమి సమకూర్చాలో ప్రధానోపాధ్యాయునికి సూచిస్తూ వివరంగా రాయండి.